‘వాకోవర్’ అంటే ఆడకుండా గెలవడం

సంపాదకుల వారికి నమస్కారాలు.

గత వారం మీ క్రీడా పుటలో ఒకదాని కింద ఒకటిగా అచ్చయిన రెండు టెన్నిస్ వార్తలు ఈ ఉత్తరానికి కారణం. పై వార్తలో, ఒక క్రీడాకారిణి 6-1, 6-2తో ఆడి గెలిచిన మ్యాచ్‌కు ‘సెమీస్‌కు వాకోవర్’ అని శీర్షిక పెట్టారు. కింది వార్తలో, మడమ నొప్పి వల్ల ప్రత్యర్థి కోర్టులో అడుగే పెట్టకుండా తప్పుకోగా తర్వాతి రౌండుకు చేరిన ఆటగాడు, ఆ ప్రత్యర్థిని ‘చిత్తు చేశాడు’ అని రాశారు. ఆ రెండు మాటలనూ అటూ ఇటూ మార్చి ఉంటే రెండు వార్తలూ నిజమయ్యేవి. చాలా ఏళ్లు బడిలో ఇంగ్లీషు పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ని. చేతిలో ఎర్ర సిరా కలం లేకపోయినా దిద్దే అలవాటు పోలేదు కనుక, ఏకపక్ష విజయాలకు మన పత్రికలు వాడుతున్న ఇంగ్లీషు మాటల గురించి నాలుగు ముక్కలు రాయాలనిపించింది. నాలుగు ముక్కలు అనుకున్నది కాస్త పెరిగింది, మన్నించగలరు.

ఇంగ్లీషు మాటలు ఎందుకు వాడుతున్నారన్నది నా ఫిర్యాదు కాదు. వాకోవర్, వైట్‌వాష్, క్లీన్‌స్వీప్, ల్యాండ్‌స్లైడ్, కేక్‌వాక్ వంటివి తెలుగు పాఠకుడి చెవికి ఎప్పుడో అలవాటయ్యాయి. వాటన్నిటినీ ‘సునాయాసంగా గెలిచారు’ అనే ఒకే భావానికి తొడిగే రంగురంగుల చొక్కాలుగా భావించి, నిన్న ఒకటి వేశాం కాబట్టి ఈ రోజు ఇంకొకటి వేద్దామన్నట్టు మార్చి మార్చి వాడటం దగ్గరే నాకు పేచీ ఉంది. వీటిలో ఒక మాట అసలు ఆట జరిగిందా లేదా అన్నది చెబుతుంది. ఒకటి ఒక్క మ్యాచ్ గురించి కాక మొత్తం సిరీస్ గురించి చెబుతుంది. ఒకటి గెలుపు తేడాను, మరొకటి గెలవడానికి పట్టిన శ్రమను చెబుతుంది. తేడా, శ్రమ అనేవి రెండు వేర్వేరు సంగతులు. 6-4, 6-4తో ఎక్కడా చెమట పట్టకుండా గెలిచేవారు ఉంటారు. 6-1, 6-1తో గెలిచి కూడా ప్రతి గేమ్‌లోనూ ప్రాణం ఉగ్గబట్టుకున్నవారు ఉంటారు. ఏ మాట వాడితే పాఠకుడికి ఏ సంగతి అందుతుందో చూసుకోవాల్సిన బాధ్యత ఉపసంపాదకులదే.

వాకోవర్ పుట్టింది ఇంగ్లండు గుర్రప్పందాల్లో. మిగిలిన గుర్రాలన్నీ పందెం నుంచి తప్పుకొని ఒక్కటే మిగిలితే, బహుమతి దానికి ఊరికే ఇచ్చేవారు కాదు. ఆ గుర్రం మైదానమంతా ఒంటరిగా చుట్టి రావాలి. పరుగెత్తనక్కరలేదు, నడిచినా చాలు. ఆ నడకే వాకోవర్. 1769, 1770 సంవత్సరాల్లో పందాలను ఏలిన ఎక్లిప్స్ అనే గుర్రం గెలిచిన వాటిలో ఇలాంటి ఒంటరి నడకలు చాలా ఉన్నాయి. దానితో పోటీకి తమ గుర్రాలను దింపి పరువు పోగొట్టుకోవడానికి ఇతర యజమానులు ముందుకు రాలేదు మరి. కాబట్టి వాకోవర్‌లో గొప్పతనం ఉండదని నేను అనడం లేదు. పోటీ ఉండదని మాత్రమే అంటున్నాను.

ఈ మాటకు అసలు సిసలు ఉదాహరణ కావాలంటే 1908 లండన్ ఒలింపిక్స్ 400 మీటర్ల పరుగును చూడాలి. ఫైనల్లో నలుగురు పరుగెత్తారు: ముగ్గురు అమెరికన్లు, ఒక్క బ్రిటన్ అథ్లెట్, విండమ్ హాల్స్‌వెల్. అమెరికన్ అయిన జాన్ కార్పెంటర్ దారికి అడ్డం వచ్చి హాల్స్‌వెల్‌ను ముందుకు పోనీయలేదని నిర్వాహకులు తేల్చి, కార్పెంటర్‌ను అనర్హుడిగా ప్రకటించి, మిగిలిన ముగ్గురితో పరుగు మళ్లీ పెట్టాలని నిర్ణయించారు. తమ సహచరుడికి అన్యాయం జరిగిందన్న కోపంతో తక్కిన ఇద్దరు అమెరికన్లు పరుగెత్తడానికి నిరాకరించారు. హాల్స్‌వెల్ ఒక్కడే ట్రాక్ చుట్టి వచ్చి స్వర్ణ పతకం అందుకున్నాడు. ఒలింపిక్ అథ్లెటిక్స్ ఫైనల్లో వాకోవర్‌తో స్వర్ణం దక్కిన సందర్భం అదొక్కటే. ఆ పతకాన్ని ‘అలవోక విజయం’ అని రాస్తే ఎంత అబద్ధమవుతుందో ఆలోచించండి. అక్కడ అలవోకా లేదు, విజయం అనదగ్గదీ పెద్దగా లేదు; ఒక పెద్ద వివాదం మాత్రం ఉంది.

టెన్నిస్‌లో ఈ మాటకు ఇప్పటికీ కచ్చితమైన నిర్వచనం ఉంది. మ్యాచ్ మొదలుకాక ముందే ఒకరు తప్పుకుంటే వాకోవర్. మొదలయ్యాక మధ్యలో ఆపేస్తే అది రిటైర్‌మెంట్. 2019 ఇండియన్ వెల్స్ సెమీఫైనల్‌కు ముందు మోకాలి గాయంతో నాదల్ తప్పుకొన్నప్పుడు ఫెదరర్‌కు దక్కింది వాకోవర్. అంతకు ముందు ఏడాది యూఎస్ ఓపెన్ సెమీఫైనల్లో డెల్ పోట్రోతో రెండు సెట్లు ఆడి ఓడిన తర్వాత నాదల్ ఆట ఆపేశాడు. అది వాకోవర్ కాదు. తేడా పేరులోనే కాదు, లెక్కలోనూ ఉంది. డెల్ పోట్రోకు దక్కినది ముఖాముఖి రికార్డులో గెలుపుగా నమోదైంది. ఫెదరర్‌కు దక్కినది నమోదు కాలేదు. నాదల్, ఫెదరర్‌ల ముఖాముఖి లెక్క నాదల్‌కు అనుకూలంగా 24-16 అని చెప్పుకుంటున్నామంటే, అందులో ఇండియన్ వెల్స్ సెమీఫైనల్ లేదు. ఆడి గెలిచిన క్రీడాకారిణికి ‘వాకోవర్’ అని శీర్షిక పెట్టినప్పుడు, పత్రిక ఆమె గెలుపును ఒక విధంగా లెక్కలోంచి తీసేసినట్టే.

నిఘంటువు తెరిచి ‘వాకోవర్‌కు తేలికైన గెలుపు అనే అర్థం కూడా ఉంది కదా’ అని మీరు అనవచ్చు. ఉంది, కాదనను. ఇంగ్లీషు వాళ్లు మాటల్లో అలా వాడతారు కూడా. అయితే ఒకే పుటలో, ఒకే ఆటలో, ఆ మాటకు నియమాల పుస్తకంలో వేరే అర్థం స్థిరపడి ఉన్నప్పుడు, వదులు అర్థాన్ని అక్కడే వాడటం పాఠకుణ్ని తికమక పెట్టడం అవుతుంది. మన భాషలో ‘ఏకగ్రీవం’ అనే మాటతో పోల్చి చూడండి. పోటీలో మరెవరూ మిగలనప్పుడే అభ్యర్థి ఏకగ్రీవంగా ఎన్నికైనట్టు రాస్తాం. ప్రత్యర్థికి ధరావతు దక్కనంత భారీ ఆధిక్యంతో గెలిచినా సరే, పోలింగ్ జరిగితే దాన్ని ఏకగ్రీవం అని ఏ విలేకరీ రాయడు. తెలుగు మాట విషయంలో ఇంత జాగ్రత్తగా ఉండే చేయి, ఇంగ్లీషు మాట దగ్గరకు వచ్చేసరికి ఎందుకు వదులవుతుందో నాకు అంతు చిక్కదు.

గుర్రప్పందాలు ఇంగ్లీషుకు ఇచ్చిన ఇంకో రెండు మాటలు మన పత్రికల్లో అరుదు, వ్యాఖ్యాతల నోట మాత్రం వినిపిస్తుంటాయి. ‘హ్యాండ్స్ డౌన్’ గెలిచాడంటే, వెనక గుర్రాలు ఎంత దూరంలో ఉన్నాయంటే రౌతు కళ్లేలు వదులు చేసి చేతులు దించేసినా గుర్రం గమ్యం దాటిందని. ‘క్యాంటర్‌లో’ గెలవడమంటే దౌడు తీయనక్కర లేకుండా మధ్యస్థపు నడకలోనే గెలవడం. కాంటర్‌బరీకి వెళ్లే యాత్రికుల గుర్రాల తీరుబడి నడక నుంచి ఆ పేరు వచ్చింది. ఈ రెండూ శ్రమ ఎంత తక్కువో చెబుతాయి, తేడా ఎంతో చెప్పవు.

ఇక అన్నిటికన్నా ఎక్కువ గందరగోళం వైట్‌వాష్ దగ్గర ఉంది. క్రికెట్‌లో సిరీస్‌లోని ప్రతి మ్యాచ్‌నూ ఒకే జట్టు గెలిస్తే ఓడిన జట్టు వైట్‌వాష్ అయిందంటారు. గెలిచిన జట్టు వైపు నుంచి చెబితే అదే క్లీన్‌స్వీప్. ఒకటి బాధితుడి మాట, రెండోది విజేత మాట అన్న ఈ చిన్న తేడా తెలియక, ‘వైట్‌వాష్ సాధించారు’ అని ఒకరు, ‘క్లీన్‌స్వీప్‌కు గురయ్యారు’ అని ఇంకొకరు రాస్తున్నారు. మధ్యలో ఒక్క మ్యాచ్ డ్రా అయినా అది వైట్‌వాష్ కాదు. మూడు మ్యాచ్‌ల సిరీస్‌లో ఒకటి వర్షార్పణమై 2-0తో ముగిసినప్పుడు కూడా వైట్‌వాష్ అని చదివిన గుర్తు నాకు ఉంది. రెండే మ్యాచ్‌ల సిరీస్‌ను అలా పిలవవచ్చా అంటే, నియమం ప్రకారం పిలవవచ్చు గానీ, రెండు చెంబుల సున్నం నీళ్లతో గోడ తెల్లబడుతుందా అని నాకు సందేహం.

సున్నం అన్నాను కాబట్టి ఇంకో మాట. తెలుగువాడికి గోడకు సున్నం వేయడమంటే పండగ కళ. అందులో ఓటమి వాసన ఎక్కడా లేదు. ఇంగ్లీషులోనూ ఈ మాటకు ఆటల బయట ఉన్న అర్థం వేరు: మరకలు కనబడకుండా పైపైన పూత పూయడం, అంటే తప్పులను కప్పిపుచ్చడం. ఒక విచారణ నివేదికను వైట్‌వాష్ అన్నారంటే దోషులను కాపాడారని విమర్శ. మీ పత్రిక మొదటి పుటలో ఈ అర్థంతోనూ చివరి పుటలో ఆ అర్థంతోనూ ఒకే రోజు కనిపిస్తే, సందర్భం తెలియని పిల్లవాడు ఏం అర్థం చేసుకోవాలి? 1984లో వెస్టిండీస్ జట్టు ఇంగ్లండును ఇంగ్లండులోనే 5-0తో ఓడించినప్పుడు, ఆ జట్టు అభిమానులు ఈ మాటలోని రంగును పట్టుకొని ‘బ్లాక్‌వాష్’ అని తిప్పికొట్టారు. మాటను వినే చెవి అంటే అదీ.

వైట్‌వాష్ గురించి నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది వేరే ఉంది. అది తేలికైన గెలుపుకు పర్యాయపదం కాదు. 2024లో న్యూజీలాండ్ మన గడ్డ మీద 3-0తో గెలిచింది. మూడు టెస్టుల సిరీస్‌లో భారత్ స్వదేశంలో ఇలా అన్నీ ఓడటం అదే మొదలు. కానీ ముంబయిలో జరిగిన మూడో టెస్టు గెలుపు తేడా 25 పరుగులు. ఆ చివరి రోజు ఆట చూసినవారెవరూ దాన్ని ఏకపక్షం అనరు. ఆస్ట్రేలియాతో ఆడే యాషెస్ టెస్టు సిరీస్‌లో, 2006-07లో, ఇంగ్లండు 5-0తో ఓడింది. అందులో అడిలైడ్ టెస్టులో ఇంగ్లండు మొదటి ఇన్నింగ్స్‌ను 6 వికెట్లకు 551 దగ్గర డిక్లేర్ చేసి కూడా ఓడిపోయింది. అంకెలు 5-0 అంటాయి. ఆ టెస్టు మాత్రం చివరి రోజు వరకు డ్రా వైపు నడిచి, ఒక్క ఉదయంలో కుప్పకూలిన కథ. దాన్ని ‘సునాయాసం’ అని రాసిన విలేకరి స్కోరు పట్టిక చూశాడు గానీ ఆట చూడలేదనుకోవాలి. నిజంగా ఏకపక్షమైన టెస్టు అంటే 1938లో ఓవల్ మైదానంలో జరిగింది. ఇంగ్లండు 7 వికెట్లకు 903 కొట్టి, ఆస్ట్రేలియాను ఇన్నింగ్స్ 579 పరుగుల తేడాతో ఓడించింది. చిత్రమేమిటంటే ఆ సిరీస్ 1-1తో సమంగా ముగిసింది. టెస్టు చరిత్రలోనే అతి పెద్ద గెలుపు ఉన్న సిరీస్‌లో వైట్‌వాష్ మాటకు చోటే లేదు.

రాజకీయ వార్తల్లో ఇలాంటి మాట ల్యాండ్‌స్లైడ్, అంటే కొండచరియ విరిగిపడటం; భారీ గెలుపు అన్న అర్థంలో వాడతారు. అమెరికాలో 19వ శతాబ్దంలోనే దాన్ని ఎన్నికలకు అన్వయించారు. దీనికి చట్టంలో నిర్వచనం లేదు. ఇన్ని శాతం దాటితే ల్యాండ్‌స్లైడ్ అని ఎవరూ గీత గీయలేదు. 1984 అమెరికా అధ్యక్ష ఎన్నికలో రీగన్ 50 రాష్ట్రాల్లో 49 గెలిచి, రాష్ట్రాలవారీగా లెక్కించే 538 ఎలక్టోరల్ ఓట్లలో 525 దక్కించుకుంటే ఆ మాట వాడటానికి ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. ఆయనకు జనం ఓట్లు కూడా 58 శాతానికి పైగా వచ్చాయి. బ్రిటన్‌లో 2024లో లేబర్ పార్టీకి 650 స్థానాల్లో 411 వచ్చినప్పుడు కూడా అదే మాట వాడారు. కానీ ఆ పార్టీకి పడిన ఓట్లు 34 శాతం లోపే. అదే పార్టీ 2017లో 40 శాతం ఓట్లు తెచ్చుకొని ఓడిపోయింది. కాబట్టి ‘ల్యాండ్‌స్లైడ్’ అన్నప్పుడు జారిపడింది స్థానాలా, ఓట్లా అన్నది వార్తలో ఒక వాక్యంలోనైనా చెప్పాలి. లేకపోతే ప్రజలంతా ఒక్క గొంతుతో పలికినట్టు పాఠకుడు అనుకుంటాడు. ఈ మాటను తెలుగు చేసి ‘ఓట్ల కొండచరియలు విరిగిపడ్డాయి’ అని ఒకచోట రాయగా చదివాను. నిజమైన కొండచరియలు విరిగిపడి మనుషులు చనిపోయిన వార్త ఆ పక్క పుటలోనే ఉండే రోజులు మనకు తక్కువేం కాదు. ఆ అవస్థ ఎందుకు? ‘ప్రభంజనం’ అనే మాట మన దగ్గర ఎప్పటినుంచో ఉంది.

కేక్‌వాక్‌ది ఇంకా విచిత్రమైన కథ. అమెరికా దక్షిణాది తోటల్లో బానిసలుగా బతికిన నల్లజాతివారు, యజమానుల బిగుసుకుపోయిన విందు నడకలను వెక్కిరిస్తూ ఆడిన నాట్యం అది. బాగా ఆడిన జంటకు బహుమతిగా కేకు ఇచ్చేవారు, పేరు అలా వచ్చింది. 19వ శతాబ్దం చివరికి అది రంగస్థలం మీదికెక్కి ఊరూరా మోజైంది. ఆ నడకలో ఒళ్లంతా వెనక్కి విల్లులా వంచి, కాళ్లు ఎత్తెత్తి వేయాలి; అది తేలికైన పనేమీ కాదు. పేరులోని కేకూ నడకా వినేవారికి తేలికగా తోచి, క్రమంగా ‘అతి సులువైన పని’ అనే అర్థం స్థిరపడింది. ఈ మాటను జరిగిపోయిన వాటికన్నా జరగబోయే వాటికే ఎక్కువ వాడతారన్నది నేను గమనించిన సంగతి. 2002లో అమెరికా మాజీ అధికారి కెన్ ఆడెల్‌మన్ ఇరాక్‌ను విముక్తం చేయడం కేక్‌వాక్ అవుతుందని వాషింగ్టన్ పోస్టులో రాశారు. ఆ యుద్ధం ఎన్నేళ్లు సాగిందో లోకానికి తెలుసు. టోర్నీ మొదలుకాక ముందే ‘గ్రూపు దశ మనకు కేక్‌వాకే’ అని రాసే క్రీడా విశ్లేషకులు ఈ ఉదాహరణను కాస్త మనసులో ఉంచుకుంటే బాగుంటుంది. పైగా ఈ మాట అవసరమే లేనంత చక్కని పలుకుబడి మనకు ఉంది: నల్లేరు మీద బండి నడక. చక్రం కింద నలిగిపోయే ఆ తీగ మీద బండి ఎంత సాఫీగా పోతుందో, ఆ చప్పుడు కూడా వినిపిస్తుంది అందులో.

ఓడినవాణ్ని కొట్టినట్టు చెప్పే మాటల జాబితా ఏ భాషలోనైనా పెద్దదే. ఇంగ్లీషు ‘థ్రాషింగ్’ కళ్లంలో ధాన్యం నూర్చడం నుంచి వచ్చింది. మన ‘ఉతికి ఆరేశారు’ చాకిరేవు నుంచి వచ్చింది. రెండూ పల్లె మనుషుల చేతి పనులే, రెండింటిలోనూ దెబ్బల చప్పుడు ఉంది. ‘రౌట్’ అంటే వరస చెదిరిన సైన్యం పారిపోవడం. ‘డెసిమేట్’ మాత్రం జాగ్రత్తగా వాడాలి. అది రోమన్ సైన్యంలో పది మందిలో ఒకణ్ని చంపే శిక్ష. పదకొండు మంది ఆటగాళ్ల జట్టు మొత్తం కుప్పకూలిన రోజున ఆ మాట వాడితే, లెక్క ప్రకారం పది మందీ క్షేమంగా ఉన్నట్టే. ఇప్పటి ఇంగ్లీషులో ఇది కేవలం మేష్టారి చాదస్తమని నాకూ తెలుసు.

నాకు బాగా నచ్చిన మాట ‘బేగల్’. టెన్నిస్‌లో 6-0తో ముగిసిన సెట్టు అది. మధ్యలో చిల్లు ఉన్న గుండ్రటి రొట్టె సున్నాలా ఉంటుంది కాబట్టి ఆ పేరు. రెండు సెట్లూ అలాగే పోతే డబుల్ బేగల్. 1988 ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్లో స్టెఫీ గ్రాఫ్ నటాషా జ్వెరెవాను అలా ఓడించింది. 2025 వింబుల్డన్ ఫైనల్లో ఇగా స్వియాటెక్ 57 నిమిషాల్లో అమండా అనిసిమోవాను అలాగే ఓడించింది. వింబుల్డన్ మహిళల ఫైనల్లో అటువంటి స్కోరు అంతకు ముందు 1911లో మాత్రమే నమోదైంది. బేగల్ ఎందుకు నచ్చిందంటే అది ఎవరినీ కొట్టదు, ఎవరి శ్రమనూ తక్కువ చేయదు, ఉన్న అంకెకు ముద్దుపేరు పెట్టి ఊరుకుంటుంది. అయితే ఆ రొట్టె మన పాఠకులకు పరిచయం లేదు గనుక, ‘గుండుసున్నా’ అంటే చాలు.

చివరగా, ఏ మాటా అతకని ఒక స్కోరు గురించి చెప్పి ముగిస్తాను. 2002 అక్టోబరు 31న మడగాస్కర్‌లో ఆడెమా అనే ఫుట్‌బాల్ జట్టు ఎస్‌ఓ లెమీర్న్ జట్టును 149-0తో ఓడించింది. ప్రపంచ రికార్డు అదే. కానీ గెలిచిన జట్టు ఒక్క గోలు కూడా కొట్టలేదు. అంతకు ముందు మ్యాచ్‌లో రిఫరీ నిర్ణయంతో తమకు అన్యాయం జరిగిందని, ఓడిన జట్టే బంతి దొరికిన ప్రతిసారీ తన గోలులోకి తానే తన్నుకుంటూ నిరసన తెలిపింది. అవతలి ఆటగాళ్లు నిలబడి చూశారు. దీన్ని వాకోవర్ అనలేం, మ్యాచ్ జరిగింది. చిత్తు చేశారనలేం, విజేతలు బంతి ముట్టుకున్నదే తక్కువ. నల్లేరు మీద నడకా కాదు, నడిచినవాడు లేడు. ఇలాంటి వార్త రేపు మీ బల్ల మీదికి వస్తే, దయచేసి శీర్షికలో ఆ అంకెలు వేసి, కింద మొదటి వాక్యంలోనే కారణం రాయండి.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఇంగ్లీషు ఉపాధ్యాయుడు